వెలుగుకి పట్టు – 3వ పాఠం: ఒకే క్లిప్పు, పది రకాల స్ట్రిప్పులు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనుకుంటాను. పాడైన 32 అంగుళాల టీవీ ఒకటి విప్పి, వెనక రేకు మీదుండి తెరకు వెలుగిచ్చే ఎల్‌ఈడీ స్ట్రిప్పుల (ఎల్‌ఈడీలు వరసగా ఉండే సన్నటి పట్టీల) పొడవు, వెడల్పు, మందం, ఒక ఎల్‌ఈడీకీ పక్కదానికీ మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి రాసుకోమన్నాను. చేయనివాళ్లు ముందు అది చేసి రండి. ఈ పాఠం ఆ కాగితం పక్కన పెట్టుకుని చదవాల్సినది.

నా కాగితం సంగతి చెబుతాను. హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే గుజరాతీ గల్లీలో అప్పుడప్పుడు కొన్నవి, తుక్కు టీవీల నుంచి ఊడదీసినవి కలిపి నా డబ్బాలో చాలా స్ట్రిప్పులున్నాయి. అన్నీ 32 అంగుళాల టీవీలవే. వెడల్పు మాత్రం 12 మి.మీ. నుంచి 18 మి.మీ. దాకా ఉంది. మందం కొన్నిటికి 1 మి.మీ., కొన్నిటికి 1.6. స్ట్రిప్పుని రేకుకు పట్టి ఉంచడానికి టీవీతో వచ్చిన క్లిప్పు తన సొంత స్ట్రిప్పుని తప్ప ఇంకోదాన్ని పట్టదు. అప్పుడు షాపుల్లో ఏం చేస్తారో మీకు తెలుసు. కింద డబుల్ టేపు, పైన గ్లూ గన్ చుక్క. వేడికి జిగురు వదిలేస్తుంది, స్ట్రిప్పు ఒక పక్క లేస్తుంది, తెర మీద ఒకచోట తెల్లటి మచ్చ, దాని పక్కనే మసక. కస్టమర్ మళ్లీ గుమ్మంలో ఉంటాడు.

కాబట్టి రకరకాల స్ట్రిప్పులను పట్టే క్లిప్పు గీయాలి. గీసే ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి: ఏది మారినా ఫర్వాలేదు, ఏది అస్సలు మారకూడదు? నా లెక్కలో రెండు మారకూడదు. ఒకటి ఎత్తు, అంటే ఎల్‌ఈడీ మీదుండే లెన్స్ నుంచి, వెలుగుని సమంగా పరిచే డిఫ్యూజర్ పలకకు ఉండే దూరం. వెలుగు ఎంత మేర పరుచుకోవాలన్నది ఆ దూరాన్ని బట్టే లెక్కకట్టి లెన్స్ చేస్తారు. రెండోది స్ట్రిప్పు మధ్య గీత. వెలుగుని ముందుకు తిప్పే తెల్ల రిఫ్లెక్టర్ షీటుకు లెన్సుల కోసం రంధ్రాలు ముందే కోసి ఉంటాయి, లెన్సులు సరిగ్గా వాటిలోంచే పైకి రావాలి. వెడల్పు, పొడవు ఎలా మారినా ఈ రెండూ కదలకూడదు.

ఇక్కడ కాసేపు పాత ఎల్‌సీడీ మానిటర్ల దగ్గరికి వెళ్దాం. ఎల్‌ఈడీలకు ముందు తెర వెనక సీసీఎఫ్‌ఎల్ అనే సన్నటి గాజు ట్యూబులుండేవి. మానిటర్లలో సుమారు 2 నుంచి 2.6 మి.మీ. లావు, టీవీల్లో 3, 4 మి.మీ. వేర్వేరు లావుల ట్యూబులకు ఒకే హోల్డర్ గీయమంటే ఎవరికైనా ముందు తట్టేది ‘వి’ ఆకారపు గాడి. ఏ లావుదైనా అందులో కూర్చుంటుంది కదా! కూర్చుంటుంది, కానీ ఎక్కడ? 90 డిగ్రీల గాడిలో, గాడి మొన నుంచి ట్యూబు కేంద్రం ఎత్తు = లావు × 0.707. అంటే 2 మి.మీ. ట్యూబుకు 1.41, 3 మి.మీ.కి 2.12, 4 మి.మీ.కి 2.83. లావు 2 నుంచి 4కి పోయేసరికి కేంద్రం దాదాపు మిల్లీమీటరున్నర పైకి జరిగింది. గాడిని 120 డిగ్రీలకు తెరిస్తే ఈ జరుగుడు కొంత తగ్గుతుంది (లావు × 0.577), పూర్తిగా పోదు. ‘వి’ గాడి దేన్నైనా పట్టుకుంటుంది, దేన్నీ ఒకేచోట ఉంచదు. కేంద్రం కదలకూడదంటే డ్రిల్లు మొనను పట్టే చక్‌లా అన్ని వైపుల నుంచీ సమానంగా దగ్గరికి జరిగే పట్టు కావాలి.

ట్యూబులతో ఇంకో తలనొప్పి ఉంది. వాటిని వెలిగించడానికి వెయ్యి వోల్టులు దాటాలి, అదీ పదుల కిలోహెర్ట్జ్‌ల మీద. లోహపు క్లిప్పు వాడితే గాజుకీ లోహానికీ మధ్య కరెంటు లీకవుతుంది. పైగా ఆ చోట గాజు చల్లబడితే లోపలి పాదరసం అక్కడే చేరి వెలుగు తగ్గుతుంది. అందుకే చివర్లకు సిలికాన్ రబ్బరు, మధ్యలో అతి తక్కువ తాకే ప్లాస్టిక్ క్లిప్పు వాడేవారు. ఆ ట్యూబులు చేత్తో పట్టేటప్పుడు జాగ్రత్త. పగిలితే పాదరసం బయటికి వస్తుంది. ట్యూబుల గురించి ఇక్కడితో చాలు.

మళ్లీ స్ట్రిప్పు. కొత్తగా నేర్చుకునేవాళ్లు గీసే మొదటి డిజైన్ దాదాపు ఎప్పుడూ ఒకటే: ఒక పక్క గట్టి గోడ, రెండో పక్క స్ప్రింగు చెయ్యి. చెయ్యి స్ట్రిప్పుని గోడకేసి నొక్కుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు 12 మి.మీ. స్ట్రిప్పు తీసి 18ది పెట్టండి. గోడ కదలదు కాబట్టి మధ్య గీత 3 మి.మీ. పక్కకు పోయింది. లెన్సులు రంధ్రాలకు తగలవు. ‘వి’ గాడి తప్పే ఇది, వేషం మార్చుకుని వచ్చింది.

రెండో డిజైన్ మెట్లు: కింద 12కి గాడి, దానిమీద 14కి, ఆపైన 16, 18. మధ్య గీత బాగానే నిలుస్తుంది. కానీ ఒక్కో వెడల్పు ఒక్కో మెట్టు మీద కూర్చుంటుంది, ఎత్తు మారిపోయింది. పైగా స్ట్రిప్పు కింద ప్లాస్టిక్ చేరింది. ఎల్‌ఈడీల వేడి వెనక రేకులోకి దిగాలి, మనం మధ్యలో దుప్పటి పరిచినట్టయింది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: పట్టు పక్క నుంచి రావాలి, పై నుంచి రావాలి, కింద నుంచి మాత్రం రాకూడదు. నేను మొదట్లో ముద్దొచ్చే ట్రేలు గీసి 3డీ ప్రింటరులో ప్రింటు తీసి వాటిలో స్ట్రిప్పులు పెట్టాను. ఎల్‌ఈడీలు నెలలు తిరక్కుండానే నీలంగా వెలగడం మొదలుపెట్టాయి.

నేనిప్పుడు వాడేది రెండు విడి ముక్కల క్లిప్పు. ఎడమ ముక్క, కుడి ముక్క. అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటాయి. మధ్యలో స్ట్రిప్పు నేరుగా రేకు మీదే ఆనుతుంది. ఒక్కో ముక్కకూ స్క్రూ కోసం గుండ్రటి రంధ్రం బదులు పొడవాటి గాడి ఉంటుంది. ఆ గాడి పొడవు లెక్క ఇలా వేయాలి. వెడల్పు 12 నుంచి 18కి మారితే ఒక్కో పక్కా 3 మి.మీ. జరగాలి. 3 మి.మీ. స్క్రూకి రంధ్రం 3.2. చేతిపనిలో తేడాలకు అటు అర, ఇటు అర, మొత్తం 1. అన్నీ కలిపితే 7.2 మి.మీ. దీన్ని 10 చేస్తే ఇంకా రకాలు పడతాయి కదా అనిపిస్తుంది. వద్దు. గాడి పెరిగేకొద్దీ వాషరు కింద ప్లాస్టిక్ తగ్గిపోయి ముక్క బలహీనపడుతుంది. మీ కాగితం మీద లేని స్ట్రిప్పు కోసం డిజైన్ చేయకండి.

ఒక్క స్క్రూ మీద ముక్క తిరిగిపోతుందేమో అని టెన్షన్ పడకండి. స్ట్రిప్పు అంచుకు ఆనే వైపు 20 మి.మీ. తిన్నగా ఉంచితే స్ట్రిప్పే దాన్ని తిరగనివ్వదు. ముక్క పైన, గాడి పక్కన మిల్లీమీటరు గీతలు పెట్టండి. రెండు పక్కలా ఒకే గీత దగ్గర బిగిస్తే మధ్య గీత దానంతట అదే కుదురుతుంది. వీలైనంతవరకు రేకుకున్న పాత రంధ్రాలే వాడండి. కొత్తది తప్పదంటే బోర్డులు, తెర అన్నీ తీసి పక్కన పెట్టాకే డ్రిల్లు పట్టండి.

ఇక మందం. పై నుంచి నొక్కే చిన్న ప్లాస్టిక్ చెయ్యి స్ట్రిప్పు పొడవు వెంబడి సాగి, చివర చిన్న బుడిపెతో ఉంటుంది. బుడిపెకీ రేకుకీ మధ్య ఖాళీ 0.8 మి.మీ. ఉంచాను. 1 మి.మీ. స్ట్రిప్పు పెడితే చెయ్యి 0.2 లేస్తుంది, 1.6ది పెడితే 0.8 లేస్తుంది. ఇలా వంగినప్పుడు ప్లాస్టిక్ ఎంత సాగుతుందో చెప్పే లెక్క ఇది:

సాగు = 1.5 × చెయ్యి మందం × లేచిన ఎత్తు ÷ (చెయ్యి పొడవు × చెయ్యి పొడవు)

చెయ్యి మందం 1.2, పొడవు 10 అనుకోండి. 1.5 × 1.2 × 0.8 ÷ 100 = 0.0144, అంటే 1.44 శాతం. ఒకసారి టక్కున నొక్కి పెట్టే క్లిప్పుకైతే ఇది మామూలే. కానీ మన చెయ్యి ఏళ్ల తరబడి, అదీ వేడిలో, అలా వంగే ఉంటుంది. మెల్లగా ఆ వంపుకే అలవాటుపడి నొక్కడం మానేస్తుంది. ఇలా ఎప్పుడూ వంగి ఉండే చేతికి 1 శాతం లోపే ఉంచాలన్నది నేను పెట్టుకున్న నియమం. పొడవు 14 చేయండి: 1.44 ÷ 196 = 0.73 శాతం. పొడవు నాలుగే మి.మీ. పెంచితే సాగు సగమైంది. అయితే పొడవు పెరిగితే నొక్కే బలం అంతకన్నా వేగంగా పడిపోతుంది, దాదాపు మూడో వంతుకు. దాన్ని చెయ్యి వెడల్పు పెంచి రాబట్టుకోవచ్చు. వెడల్పు రెట్టింపైతే బలం రెట్టింపవుతుంది, సాగు మాత్రం మారదు. చెయ్యి మందం మీద చెయ్యి పెట్టకండి, అది సాగునీ పెంచేస్తుంది.

ఇప్పుడు నేను చాలాకాలం నమ్మలేకపోయిన లెక్క ఒకటి. స్ట్రిప్పు అల్యూమినియం, రేకు ఇనుము. 600 మి.మీ. స్ట్రిప్పు 40 డిగ్రీలు వేడెక్కితే 0.55 మి.మీ. సాగుతుంది, రేకు 0.29 సాగుతుంది. తేడా 0.26, పావు మిల్లీమీటరు. ఏముందిలే అనుకుంటాం. కానీ రెండు చివర్లా గట్టిగా బిగించేసి ఉంటే ఆ పావు మిల్లీమీటరు పోయే దారి లేక స్ట్రిప్పు విల్లులా లేస్తుంది. ఎంత? విల్లు ఎత్తు = 0.375 × పొడవు × తేడా, దానికి వర్గమూలం. 0.375 × 600 × 0.26 = 58.5. వర్గమూలం 7.6. ఏడున్నర మిల్లీమీటర్లు! మధ్యలో పై నుంచి చేతులు నొక్కుతుంటాయి కాబట్టి నిజంగా అంత లేవదు, కానీ షాపుల్లో వేసే టేపు ఊడేది ఈ బలానికి కూడా.

అందుకని స్ట్రిప్పు మధ్యలో ఉన్న ఒక్క జత క్లిప్పులనే గట్టిగా బిగించండి. మిగతావాటిలో పక్క గోడకీ స్ట్రిప్పుకీ మధ్య కాగితం మందం వదలండి. చేతులు పై నుంచి నొక్కుతాయి, స్ట్రిప్పు అటూ ఇటూ జారుతుంది. మధ్యలో బిగిస్తే ఒక్కో చివరా జరిగేది 0.13 మాత్రమే. రంధ్రాలకు అది లెక్కలోనిది కాదు.

3డీ ప్రింటరుకు వాడే ప్లాస్టిక్‌ల విషయం క్లుప్తంగా. పీఎల్‌ఏ వద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పీఈటీజీ సుమారు 80 దాకా, ఏబీఎస్ 105 దాకా ఆగుతాయి. రంగు తెలుపే ఉండాలి, నల్ల క్లిప్పు వెలుగుని తాగేసి తెర మీద నీడ వేస్తుంది. ప్రింటు తీసేటప్పుడు ముక్కను పక్కకు పడుకోబెట్టండి. పొరలు చెయ్యి పొడవు వెంబడి పోవాలి. నిలబెట్టి తీస్తే చెయ్యి మొదట్లోనే పొర విడిపోతుంది. నా మొదటి పది ముక్కల్లో ఏడు అలాగే పోయాయి.

ఈ వారం పని. కంప్యూటరులో డిజైన్లు గీసే ఫ్రీక్యాడ్‌లోనో ఓపెన్‌స్కాడ్‌లోనో ఈ ముక్కను గీయండి. స్ట్రిప్పు వెడల్పు కనిష్ఠం, గరిష్ఠం, మందం, చెయ్యి పొడవు – ఈ నాలుగూ పైన పేర్లతో పెట్టుకుని, మిగతావన్నీ వాటి నుంచి లెక్క వచ్చేలా చూడండి. ఒక జత ప్రింటు తీసి, మీ దగ్గరున్న అతి సన్న స్ట్రిప్పునీ, అతి వెడల్పు స్ట్రిప్పునీ బిగించి, రెండుసార్లూ లెన్స్ రంధ్రం మధ్యలోనే ఉందో లేదో కొలవండి. టీవీలో పెట్టి వెలిగించేది ఇప్పుడే కాదు. వరసగా కలిపిన 30 ఎల్‌ఈడీల మీద 90 వోల్టులకు పైనే ఉంటుంది. కనెక్టర్లు, వైర్లు ఎలా మళ్లించాలో 4వ పాఠంలో చూశాకే ప్లగ్గు పెట్టండి.