కారు మీది లోగో తీసేముందు: ఎత్తొద్దు, కొయ్యండి

మొన్న ఆదివారం ఆటోనగర్‌లోని మా రంగుల షెడ్డుకి ఒక తెల్లకారు వచ్చింది. డిక్కీ డోరు మీద వేరియంట్ అక్షరాలు ఉండే చోట రూపాయి బిళ్లంత రంగు పెచ్చు లేచిపోయింది. అంచున బూడిదరంగు ప్రైమర్ (రంగు కింద వేసే పూత), నడిమధ్యలో రేకు మెరుపు. ఓనరుగారు స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి, అక్షరాన్ని ఒక మూల నుంచి పైకి లేపారట. "గుడ్డ చుట్టాను కదండీ, జాగ్రత్తగానే చేశాను" అన్నారు. నిజంగా జాగ్రత్తపడ్డ మనిషే. కానీ అది పెరల్ వైట్, ముత్యంలా మెరిసే తెలుపు. పెచ్చు పోయినంత మేరే రంగు వేస్తే మచ్చలా కనబడిపోతుంది. డోరు మొత్తం వెయ్యాలి, పక్క ప్యానెల్‌లోకి కూడా రంగు కలుపుకుంటూ పోవాలి. మూడు అక్షరాల కోసం ఇంత పని.

దసరా ముందు ఇలాంటివి ఎక్కువ వస్తాయి. పూజకి బండి నున్నగా ఉండాలని కొందరు, అమ్మకానికి పెట్టేముందు డీలర్ పేరు తీసేద్దామని కొందరు, సెకండ్ హ్యాండ్‌లో కొని పాత ఓనరు అంటించిన బొమ్మలు పీకేద్దామని కొందరు మొదలుపెడతారు. పని కష్టమేం కాదు, ఇంట్లో అరగంటలో అయిపోతుంది. పాడైన బండ్లన్నీ ఒకే తప్పు వల్ల పాడవడం నేను చూశాను: లోగోని పైకి ఎత్తడం.

ఎందుకో చెబుతాను. కంపెనీ రంగులో అన్ని పొరలూ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే సుమారు ఒక జెరాక్స్ కాగితమంత. పైన మెరిసే క్లియర్ కోటు అందులో సగం కూడా ఉండదు. లోగో కింద ఉండే డబుల్ సైడ్ టేపు మామూలు స్టిక్కర్ జిగురు కాదు. మధ్యలో స్పాంజి, రెండు వైపులా గట్టి జిగురు. ఏళ్ల తరబడి ఎండ తిన్నాక ఆ జిగురు రంగుని గట్టిగా పట్టుకుంటుంది. మీరు మూల నుంచి ఎత్తినప్పుడు ఆ బలమంతా ఒక్క అంచు మీదే పడుతుంది. స్క్రూడ్రైవర్ ఆనించిన చోట రంగు నలుగుతుంది, జిగురు పట్టిన చోట రంగు లేస్తుంది. గుడ్డ చుట్టినా, ప్లాస్టిక్ గరిటె వాడినా, పాత ఏటీఎం కార్డు దూర్చినా మీరు చేస్తున్నది ఎత్తడమే.

స్పాంజిని దారంతో మధ్యలో కోసేస్తే రంగు మీద లాగుడే ఉండదు. లోగో దానంతటదే చేతిలోకి వస్తుంది. అందుకే ఎత్తొద్దు, కొయ్యండి.

మొదలుపెట్టే ముందు

ఆ ప్యానెల్‌కి మళ్లీ రంగు వేశారా అన్నది ముందు చూసుకోండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే తప్పనిసరిగా చూడండి. డోరు రబ్బరు అంచు మీద, బోల్టు తలల మీద రంగు తుంపరలు ఉన్నాయా? ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో పెట్టి ఆనించండి. ఒకచోట గట్టిగా పట్టుకుని, పక్కనే జారిపోతుంటే అక్కడ కింద లప్పం ఉండొచ్చు. షెడ్డులో వేసిన రంగు కంపెనీ రంగంత గట్టిగా పట్టుకోదు. కంపెనీలో సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, మా బూత్‌లో (రంగు వేసే గదిలో) 60 డిగ్రీల దగ్గర. సరిగ్గా తోమకుండా వేసిన రంగైతే టేపుతోపాటు చర్మంలా ఊడొస్తుంది. అనుమానం ఉంటే ఆ లోగో జోలికి వెళ్లకండి, పెయింటర్‌కి చూపించండి. కొత్తగా రంగు వేయించిన ప్యానెల్ మీద నెల దాటేవరకు ఏ ప్రయోగమూ వద్దు.

తర్వాత, అది అసలు అంటించిందేనా? డిక్కీ డోరు తెరిచి లోపలి వైపు చూడండి. కొన్ని లోగోలకి వెనక పిన్నులు ఉండి రేకులోని రంధ్రాల్లో దిగుతాయి. తీస్తే అక్కడ బొక్కలు మిగులుతాయి, వాన నీళ్లు లోపలికి పోతాయి. ముందు గ్రిల్లు మీదివి చాలావరకు క్లిప్పులతో ఉంటాయి. ఈమధ్య వచ్చిన కొన్ని కార్లలో ముందు లోగో వెనకాలే రాడార్ ఉంటోంది, కొన్నిటిలో వెనక లోగోలోనే కెమెరా ఉంటోంది. వాటిని ముట్టుకోవద్దు.

తీసేటప్పుడు

కారు కడగమని చెప్పనక్కర్లేదు కానీ లోగో సందుల్ని పళ్ల బ్రష్‌తో, షాంపూ నీళ్లతో విడిగా తోమండి. అక్కడి మట్టే తర్వాత దారం కింద చేరి గరుకు కాగితంలా గీరుతుంది. చుట్టూ మాస్కింగ్ టేపు వెయ్యండి.

వేడికి హెయిర్ డ్రయ్యర్ చాలు. జానెడు దూరంలో పట్టుకుని, ఒకచోట ఆపకుండా తిప్పుతూ రెండు నిమిషాలు పట్టండి. చెయ్యి ఆనిస్తే సురుక్కుమనాలి, కానీ రెండు మూడు సెకన్లు ఓర్చుకోగలగాలి. అంతకు మించితే ఆపండి. హీట్ గన్ వద్దు. దాని గాలి 500 డిగ్రీల దాకా పోతుంది, క్లియర్ కోటు పొక్కడానికి క్షణాలు చాలు. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి అక్కడ వేడి ఇంకా తగ్గించాలి.

ఇక దారం. చేపల గాలానికి కట్టే నైలాన్ దారం మూరెడు తీసుకుని, రెండు కొసలూ రెండు చేతుల వేళ్లకి చుట్టుకోండి. లోగో పై అంచు వెనకాల దూర్చి, రంపంలా అటూ ఇటూ ఆడించండి. దారం రంగుని రాసుకోకూడదు, లోగో వీపుకి ఆనుకుని నడవాలి. కిందికి నొక్కకండి, దారాన్ని తన దారిన కొయ్యనివ్వండి. స్పాంజి తెగుతుంటే చేతికి మెత్తగా తెలుస్తుంది. బిగుసుకుపోతే అక్కడ చల్లారిందని అర్థం, మళ్లీ వేడి పట్టండి. సరిగ్గా ఇక్కడే జనం ఓపిక పోగొట్టుకుంటారు. ముప్పాతిక వంతు తెగాక "ఇంకేముంది" అని వేళ్లతో పట్టుకుని లాగేస్తారు. నేను చూసిన పెచ్చుల్లో సగం ఆ చివరి పావు వంతు దగ్గర లేచినవే. చివరి చుక్క స్పాంజి దాకా ఎత్తొద్దు, కొయ్యండి.

మిగిలిన జిగురుని మళ్లీ వేడి చేసి, బొటనవేలితో ఉండలు చుడుతూ దొర్లించండి. చాలావరకు వచ్చేస్తుంది. మిగతాదానికి నీలగిరి తైలం గానీ డబ్ల్యూడీ-40 అనే స్ప్రే గానీ గుడ్డకి అద్ది, అయిదు నిమిషాలు ఆనించి తుడవండి. రంగు మీద నేరుగా పొయ్యకండి. ముందు కనబడని చోట కొద్దిగా రుద్ది చూడండి. తర్వాత షాంపూతో కడిగెయ్యండి.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి:

- తిన్నర్ వద్దు. షెడ్డులో వేసిన రంగుని అది కరిగించేస్తుంది.
- పెట్రోల్ వద్దు. పక్కన హెయిర్ డ్రయ్యర్ నడుస్తోంది, దాని లోపల తీగ ఎర్రగా కాలుతోంది. ఆవిరి అంటుకుంటే పోయేది రంగు కాదు, చేతులు, ముఖం.
- నీలగిరి తైలం, స్ప్రేలు కూడా మండేవే. డ్రయ్యర్ ప్లగ్ పీకి పక్కన పెట్టాకే మూత తియ్యండి.
- బ్లేడు వద్దు. చాకు వద్దు. గోరు కూడా వద్దు.
- దారానికి బదులు ఇనప తీగ, గిటార్ తీగ వద్దు.
- మధ్యాహ్నం ఎండలో కాలుతున్న బానెట్ మీద జిగురు తీసే మందు రుద్దొద్దు. క్షణంలో ఎండి మరక కడుతుంది.
- చలికాలం పొద్దున్నే వేడి పట్టకుండా మొదలుపెట్టొద్దు. టేపు బిగుసుకుని ఉంటుంది.
- లోగో ఊడాక దాని ఆకారం నీడలా కనబడితే కంగారుపడొద్దు. చుట్టూ రంగు వెలిసింది, కింద వెలవలేదు, అంతే. పాలిష్‌తో కొంత తగ్గుతుంది. పాత ఎర్రకారు మీద పూర్తిగా పోకపోవచ్చు. తీసేముందే ఆలోచించుకోండి.
- గరుకు కాగితం పెట్టొద్దు. ఎంత సన్నదైనా సరే.
- జిగురు తీయడానికి డ్రిల్లుకి తగిలించే రబ్బరు చక్రం చేతికి అలవాటు లేనివాళ్లు వాడొద్దు.
- వెనక అద్దం లోపలి స్టిక్కర్‌ని బ్లేడుతో గీకొద్దు. అద్దం మీది మంచు పోగొట్టే డీఫాగర్ గీతలు తెగిపోతాయి.
- ముందు అద్దం మీది హోలోగ్రాం స్టిక్కర్, ఫాస్టాగ్ ముట్టుకోవద్దు. పీకితే చిరిగిపోతాయి, కొత్తవి తెచ్చుకోవాల్సిందే.
- ఎవరైనా పక్కన నిలబడి "అలాక్కాదు, ఇటివ్వు" అని స్క్రూడ్రైవర్ తీస్తే చెయ్యి వెయ్యనివ్వకండి.
- పెచ్చు లేచిందా? అక్కడితో ఆపండి. రేకు కనబడుతుంటే వానలో వదలొద్దు, తుప్పు పక్కకి పాకుతుంది. తడి తుడిచి, ఆరబెట్టి, మీ కారు కలర్ కోడ్ చెప్పి టచప్ రంగు సీసా తెచ్చి ఆ రోజే ఒక చుక్క పెట్టండి. మిగతా పని పెయింటర్‌కి వదలండి.
- మిగిలిన అక్షరాలు అలాగే ఉండనివ్వండి. ఒకచోట పెచ్చు లేచిన ప్యానెల్ మీద రెండో అక్షరం దగ్గర కూడా అలాగే లేవొచ్చు.