మృగశిర లోపు పాత జీపు: తుప్పు గీకడం మొదలు ఘాట్ దిగేదాకా జాగ్రత్తలు

మా పెదనాన్నగారి మహీంద్రా ఎమ్‌ఎమ్‌ 540 జీపు ఆయన పోయాక తొమ్మిదేళ్లు భీమునిపట్నం దగ్గర పాకలో కదలకుండా ఉండిపోయింది. సముద్రం అక్కడికి కిలోమీటరు కూడా లేదు. నిరుడు వేసవిలో దాన్ని బయటికి తీసినప్పుడు రంగు వెలిసిందే తప్ప బండి గట్టిగానే ఉందని సంబరపడ్డాం. డ్రైవరు కాళ్ల దగ్గరి రబ్బరు మ్యాట్ ఎత్తితే కింద రేకు లేదు. నేరుగా నేల కనిపించింది.

పాత జీపునో, పాత మారుతీ జిప్సీనో బాగుచేసి, తొలకరి పడగానే అరకుకో మారేడుమిల్లికో వెళ్లాలని ఉబలాటపడుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఆ ఉబలాటం నాకు బాగా తెలుసు. అందరం ముందు ఇంజన్ మోగించాలని చూస్తాం. మా ప్యూజో డీజిల్ ఇంజన్ కొత్త బ్యాటరీ పెట్టిన రెండో రోజే మోగింది. ఆ రోజే ఊరు చుట్టి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పాత బండి కదలడం కంటే ఆగడం ముఖ్యం. డబ్బు, సమయం ముందుగా ఛాసిస్ (బండి బరువంతా మోసే ఇనుప చట్రం) మీద, బ్రేకుల మీద పెట్టండి. సీట్లు, రంగు, పెద్ద టైర్లు తర్వాత చూసుకోవచ్చు.

పనికి కాలం కూడా కలిసిరావాలి. తుప్పు గీకి ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) కొట్టే పనంతా రోహిణి కార్తె ఎండల్లోనే ముగించండి. మృగశిర వచ్చి గాలిలో తేమ పెరిగాక, గీకిన ఇనుము త్వరగా మళ్లీ ఎర్రబడుతుంది. కోస్తాలో అయితే ఒక్క రాత్రి చాలు. అందుకే ఒక పూటలో ప్రైమర్ వేయగలిగినంత మేరే గీకండి. తేమ మీద వేసిన రంగు పైకి నిగనిగలాడుతుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

తుప్పు ఎక్కడ దాక్కుంటుంది

కంటికి కనిపించే తుప్పుతో పెద్ద భయం లేదు. ఛాసిస్ పొడవు పట్టీల లోపల, కమాన్ పట్టీలు వేలాడే బ్రాకెట్ల దగ్గర, బాడీని ఛాసిస్‌కు బిగించే చోట్ల, బ్యాటరీ కూర్చునే పళ్లెం కింద, డీజిల్ ట్యాంకు పైభాగాన ఏళ్ల తరబడి బురద చేరి తడి పట్టి ఉంటుంది. చిన్న సుత్తితో అడుగడుగునా తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న ఇనుము చప్పిడిగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. రంధ్రం పడుతుందని వెనకాడకండి, అది ఘాట్ మలుపులో పడటం కంటే షెడ్డులో పడటమే మేలు.

చిల్లు కనిపిస్తే చాలామంది పుట్టీ పెట్టి రంగు కొట్టించేస్తారు. పుట్టీకి బరువు మోసే శక్తి లేదు. మంచి ఇనుము తగిలేదాకా కోసి, అంతే మందం ఉన్న కొత్త రేకు వేసి అతికించాలి. మా టింకరింగ్ మేస్త్రీగారు అరచేయంత చిల్లు కోసం మూరెడు కోశారు. అప్పుడు మనసు చివుక్కుమంది కానీ ఆయన చేసిందే సరైన పని.

ఒక్క చోట మాత్రం గ్రైండరు తాకకుండా కాపాడండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు అరిగిపోతే బండి మీదేనని రుజువు చేసుకోవడం నరకం అవుతుంది. ముందే ఫొటో తీసి, దానిమీద గ్రీజు పూసి, టేపు చుట్టి అప్పుడు పని మొదలుపెట్టండి. ఆర్సీలోని నంబరుతో సరిచూడటం బండి కొనే రోజునే జరగాలి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే ముగుస్తుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవాలి. ఆ కాగితం, బీమా రెండూ లేకుండా రోడ్డెక్కకండి. ముందు భాగాన ఇనుప గడ్డర్లు బిగించే మోజు ఉంటే అదీ మానుకోండి, అలాంటి బుల్ బార్లను కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే కూడదంది.

షెడ్డులో ప్రాణాలకు వచ్చే ముప్పు

బండి కింద దూరే ముందు జాకీని నమ్మకండి. జాకీ పని లేపడమే, మోయడం కాదు. గట్టి నేలమీద నాలుగు ఇనుప స్టాండ్లు పెట్టి, బండిని చేతులతో గట్టిగా కుదిపి చూసి, అప్పుడు దూరండి. ఇటుకలు బరువుకు ఉన్నట్టుండి పగులుతాయి. పైగా తుప్పు పట్టిన ఛాసిస్‌లో స్టాండు ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. తిన్న చోట పెడితే లోపలికి దిగబడిపోతుంది.

వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు రెండూ ఊడదీయండి, లేకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పాడవుతుంది. ట్యాంకును బండినుంచి తీసేసి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు క్షేమం అనుకోవడం పెద్ద పొరపాటు. నిండుగా ఉన్న ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువగా పేలుతుంది, వేడి తగిలితే డీజిల్ ట్యాంకు కూడా. చిల్లుపడ్డ ట్యాంకును నీళ్లతో కడిగి గ్యాస్‌తో అతికిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కొత్త ట్యాంకు ఖర్చు ఎంతైనా ప్రాణం కంటే తక్కువే.

బ్రేకు భాగాలు కడిగే స్ప్రేలలో కొన్నింటిలో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి. వాటి తడి ఆరకముందే వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీది అక్షరాలు చదవండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి డ్రమ్ము విప్పగానే గాలి గొట్టంతో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది, గీకేటప్పుడు ముక్కుకు రుమాలు కాదు, మంచి మాస్కు కావాలి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానీయకండి.

బ్రేకులు

దీనిమీద కాస్త ఎక్కువ చెబుతాను. మా జీపు బ్రేకు పెడల్ మొదటిరోజు రాయిలా గట్టిగా ఉంది. మేస్త్రీగారు నన్ను దానిమీద నిమిషంపాటు కాలు అదిమి ఉంచమన్నారు. మెల్లగా, ఎక్కడా ఆగకుండా, పెడల్ నేలదాకా దిగిపోయింది. అంటే లోపల ఎక్కడో కారుతోంది. వెతికితే వెనక ఇరుసు మీది సన్నటి ఇనుప పైపు, క్లిప్పు కింద, తుప్పుతో కాగితంలా పలచబడి ఉంది. పైనున్న బురదే దానికి కట్టు. చాలా పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేకు లైను ఉంటుంది, ఒకచోట తెగితే అన్నీ పోతాయి. కాబట్టి పైపులు, రబ్బరు హోసులు, చక్రాల సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, ఏదీ పాతది ఉంచకండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ నూనె మరగాలంటే కనీసం 205 డిగ్రీల వేడి కావాలి. తేమ పట్టినది 140 దగ్గరే మరిగిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు కాగి, ఆ నూనెలో ఆవిరి బుడగ పుడితే పెడల్ గాలిలో నొక్కినట్టు దిగిపోతుంది. పైగా కాగిన డ్రమ్ము వ్యాకోచించి లైనింగుకు దూరం జరుగుతుంది. రెండు కష్టాలూ ఒకేసారి వస్తాయి, అదీ లోయ పక్కన.

హ్యాండ్ బ్రేకు గురించి ఒక మాట. చాలా పాత జీపుల్లో అది చక్రాలను పట్టదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) వెనక షాఫ్టును పడుతుంది. వాలులో వెనక టైరు మార్చడానికి ఒక చక్రం లేపారంటే, హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా లేచిన చక్రం గాలిలో తిరిగిపోయి బండి కదిలిపోగలదు. రెండు చెక్క అడ్డులు ఎప్పుడూ బండిలోనే ఉంచండి. స్టెప్నీ మార్చేటప్పుడు మరో తిరకాసు కూడా ఉంది. పాత విల్లీస్ తరహా జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుకు వ్యతిరేక దిశలో తిప్పితేనే ఊడతాయి. తెలియక మామూలుగా తిప్పితే నట్టు వదలదు, బోల్టు విరుగుతుంది. చీకట్లో, వానలో ఇది తెలుసుకునే పరిస్థితి రాకూడదు.

టైరుకు గాడులు బాగా ఉన్నాయని మోసపోకండి. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి: 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. అంత పాతది పారేయాల్సిందే. సీటు బెల్టులు లేని జీపయితే పెట్టించండి. వాటిని తిన్న రేకుకు కాకుండా గట్టి పట్టీకి బిగించమనండి. పెట్రోలు జిప్సీ ఉన్నవారు రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. ఇప్పటి పెట్రోలులోని ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది, తేమను పీల్చి ట్యాంకు లోపల తుప్పునూ పెంచుతుంది.

దారిలో

మొదటి ప్రయాణం ఇంటికి పాతిక కిలోమీటర్లు దాటకూడదు. తిరిగి వచ్చాక చక్రాల నట్లు, కమాన్ల యు బోల్టులు మళ్లీ బిగించండి. అవి తప్పకుండా కాస్త వదులవుతాయి. తర్వాత ఒక పూట ప్రయాణం, వానలో ఒకటి, రాత్రి ఒకటి. వైపర్లు, దీపాలు, రేడియేటర్ నమ్మకం కుదిరాకే ఘాట్ ఎక్కండి. డీజిల్ ఫిల్టర్లు రెండు అదనంగా పట్టుకెళ్లండి. పాత ట్యాంకులోని తుప్పు సమతల రోడ్డు మీద అడుగున పడి ఉండి, గతుకుల్లో లేచి వస్తుంది.

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడు వేడి కొలిచే ముల్లు మీద కన్నుంచండి. గాలికొండ దగ్గర ఆగడం దృశ్యం కోసమే కాదు, ఇంజన్ కోసం కూడా. ఎంత తొందరున్నా వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో, అవసరమైతే ఇంకా కింది గేరులో దిగండి. న్యూట్రల్‌లో పెట్టి జారవిడిచే అలవాటు కొందరికి ఉంది, దయచేసి వద్దు. ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఎండిన తారురోడ్డు మీద వేయకండి. ముందూ వెనకా ఇరుసుల మధ్య బిగువు పెరిగి గేర్లు విరుగుతాయి. బురద కోసమే దాన్ని దాచుకోండి.

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు అడవి దారిలో వానాకాలం వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి, కొండచరియలు విరుగుతాయి. ఫోను పనిచేయని చోట్లు చాలా ఉన్నాయి. మరో బండి తోడు లేకుండా ఆ నెలల్లో వెళ్లకండి. అడుగు కనిపించని నీటిలో జీపును దింపకండి. నీరు ఇంజన్ లోపలికి పోయి బండి ఆగితే మళ్లీ స్టార్ట్ చేయాలని చూడకండి. నీరు గాలిలా నొక్కుకుపోదు, ఇంజన్ లోపల పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వాగు దాటాక నెమ్మదిగా వెళుతూ బ్రేకు తేలిగ్గా అదిమి డ్రమ్ములు ఆరబెట్టండి. వేడి ఇరుసు చన్నీళ్లలో దిగితే లోపలికి నీరు పీల్చుకుంటుంది. ఇంటికొచ్చాక ఇరుసు హౌసింగ్‌లోని నూనె పాలలా తెల్లబడి ఉంటే ఆ రోజే మార్చండి.

వాన కదా అని జీపు పక్క తెరలు దించి, వెనక తెర మాత్రం పైకి కట్టి నడపకండి. వెనకనుంచి పొగ లోపలికే లాగుతుంది. సైలెన్సరు తుప్పుతో చిల్లుపడి ఉంటే మరీ ప్రమాదం. లోపల ఎవరికైనా తలనొప్పి, వికారం అంటే అది ఘాట్ మలుపుల వల్లే అనుకోకుండా వెంటనే ఆపి దిగిపోండి.

ఇల్లు చేరిన రాత్రి ఎంత అలసటగా ఉన్నా, భోజనానికి ముందే గొట్టం పట్టండి. కమాన్ల మధ్య, ఛాసిస్ పట్టీల లోపల చేరిన ఎర్రమట్టిని కడగండి. పట్టీల అడుగున నీరు కారడానికి వదిలిన చిన్న రంధ్రాలు మూసుకుపోయి ఉంటే సన్న తీగతో పొడిచి, వాటినుంచి నీరు తేటగా వచ్చేదాకా వదలకండి.