నోటామ్ చదవడం ఎలా: బంగాళాఖాతం క్షిపణి పరీక్ష హెచ్చరికను మీరే మ్యాప్ మీద గీసుకోండి

"బంగాళాఖాతంలో భారీ క్షిపణి పరీక్ష, నోటామ్ జారీ" అని స్క్రోలింగ్ వచ్చిందంటే, వెనకే ఎర్రటి త్రికోణంతో ఒక మ్యాప్, దాని మీద ఏదో ఒక అగ్ని పేరు వాట్సాప్‌లో తిరుగుతాయి. ఆ త్రికోణం మీరే గీసుకోవచ్చు. నోటామ్ పూర్తి పాఠం, గూగుల్ ఎర్త్ ఉంటే చాలు.

నోటామ్ అనేది పైలట్లకు, ఎయిర్‌లైన్స్‌కు ఇచ్చే హెచ్చరిక. మన దగ్గర ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జారీ చేస్తుంది. ఫలానా చోట, ఫలానా టైములో, ఫలానా ఎత్తు వరకు జాగ్రత్త అని చెప్పడమే దాని పని. క్షిపణి పేరు అందులో ఉండదు.

సాధన కోసం ఒక నమూనా కట్టుకుందాం (ఇది అసలు నోటామ్ కాదు):

క్యూ) వీఈసీఎఫ్/క్యూఆర్‌డీసీఏ/ఐవీ/బీఓ/డబ్ల్యూ/000/999/1830ఎన్08830ఈ150
ఏ) వీఈసీఎఫ్ బి) 2601150330 సి) 2601170730
డి) డైలీ 0330-0730
ఈ) ప్రమాద ప్రాంతం మూలల కోఆర్డినేట్లు
ఎఫ్) ఎస్‌ఎఫ్‌సీ జి) యూఎన్‌ఎల్

వీఈసీఎఫ్ అంటే కోల్‌కతా గగనతల సమాచార ప్రాంతం, అంటే కోల్‌కతా కేంద్రం చూసుకునే గగనతలం. చెన్నైది వీఓఎంఎఫ్. క్యూఆర్‌డీసీఏలో ఆర్‌డీ అంటే ప్రమాద ప్రాంతం, సీఏ అంటే అది అమల్లోకి వచ్చింది. ఆర్‌డీ బదులు ఆర్‌టీ ఉంటే తాత్కాలిక ఆంక్షల ప్రాంతం. డబ్ల్యూఎం కనిపిస్తే క్షిపణి, ఫిరంగి లేదా రాకెట్ కాల్పులు. 000/999, కింద ఎస్‌ఎఫ్‌సీ, యూఎన్‌ఎల్ అంటే సముద్ర మట్టం నుంచి పైకి హద్దు లేదు. పై హద్దు ఏ 30 వేల అడుగులో ఉంటే బాలిస్టిక్ క్షిపణి సంగతి పక్కన పెట్టి, యుద్ధ విమానాల విన్యాసాలేమో చూడండి.

టైము దగ్గర చాలామంది జారిపడతారు. అంకెలన్నీ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటాయి, మన టైము కోసం 5 గంటల 30 నిమిషాలు కలపాలి. పై నమూనాలో 0330 అంటే మన ఉదయం 9, 0730 అంటే మధ్యాహ్నం 1. యూటీసీ 1830 దాటితే మనకు తేదీ మారిపోతుంది: 14వ తేదీ 2030 అంటే ఇక్కడ 15న తెల్లవారుజామున 2. బి (మొదలయ్యే సంవత్సరం, నెల, తేదీ, సమయం), సి (ముగిసేవి) మాత్రమే చూసి "మూడు రోజులు గగనతలం మూత" అని రాసేస్తుంటారు. డి చదివితే రోజుకు నాలుగు గంటలే అని తెలుస్తుంది. మూడు రోజులు పెట్టేది వాతావరణమో, సాంకేతిక లోపమో అడ్డొస్తే వాడుకోవడానికి. పరీక్ష ఒక్కసారే జరగొచ్చు, అసలు జరక్కపోనూవచ్చు.

ఇక గీయడం. క్యూ లైన్ చివర ఉన్న కోఆర్డినేట్‌ను పట్టుకుని గీయకండి. 150 అనేది నాటికల్ మైళ్లలో వ్యాసార్థం, అంటే సుమారు 278 కిలోమీటర్లు. మొత్తం ప్రాంతాన్ని ఉజ్జాయింపుగా కప్పే వృత్తం అది, కంప్యూటర్లు వడపోయడానికి పెట్టింది. అసలు ఆకారం ఈ) భాగంలో ఉంటుంది.

అక్కడ 204530ఎన్ 0870500ఈ లాంటి అంకెలుంటాయి: 20 డిగ్రీలు, 45 నిమిషాలు, 30 సెకన్లు. దీన్ని 20.4530 అని కొడితే తప్పు. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలిపితే 20.7583 వస్తుంది. తేడా 0.3 డిగ్రీలే అనిపిస్తుంది గానీ నేల మీద 30 కిలోమీటర్లు దాటుతుంది, గీత సముద్రంలోంచి ఒడ్డెక్కినా ఎక్కుతుంది. గూగుల్ ఎర్త్‌లో 20 45 30 ఎన్ అని ఖాళీలతో కొడితే ఈ లెక్క వేసుకోవాల్సిన పని ఉండదు. మూలలను ఇచ్చిన వరుసలోనే కలపండి. వరుస మారితే బొమ్మ మెలిపడుతుంది.

దూర ప్రయోగమైతే ఒక్క నోటామ్‌తో బొమ్మ పూర్తికాదు. దారి కోల్‌కతా, చెన్నై దాటి జకార్తా, మెల్‌బోర్న్ ప్రాంతాల్లోకి వెళ్తే ఎవరి ముక్కకు వాళ్లే నోటామ్ ఇస్తారు. ఒకే తేదీలు, ఒకే గంటలు ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి అతికించాలి. నంబరు తర్వాత నోటామ్‌ఆర్ ఉంటే పాతదాని స్థానంలో వచ్చింది, నోటామ్‌సీ ఉంటే రద్దయింది. మ్యాప్ పంచుకునే ముందు ఆ పూట మళ్లీ ఒకసారి చూడండి.

ప్రయోగం ఎక్కడినుంచో ఆకారమే చాలావరకు చెబుతుంది. శ్రీహరికోటది అయితే లాంచ్‌ప్యాడ్ చుట్టూ వృత్తం, తర్వాత ఖాళీ, దూరంగా రాకెట్ దశలు పడే పెట్టెలు విడివిడిగా ఉంటాయి. ఒడిశా అబ్దుల్ కలాం దీవి దగ్గర మొదలై దక్షిణానికి వెడల్పవుతూ పోయే పొడవాటి పట్టీ ఉంటే బాలిస్టిక్ క్షిపణి అనుకోవచ్చు. విశాఖ తీరానికి ఎదురుగా సముద్రంలో మొదలైతే జలాంతర్గామి క్షిపణి కావచ్చు. 2024 నవంబరులో ఐఎన్ఎస్ అరిఘాత్ నుంచి కె-4ను పరీక్షించింది ఆ వైపే.

దూరం కొలిచేటప్పుడు రూలర్‌ను ప్రయోగస్థలం వైపు అంచు నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న అంచుకు పెట్టండి, గూగుల్ ఎర్త్ భూమి వంపును లెక్కలోకి తీసుకుంటుంది. అయితే వచ్చిన అంకెను క్షిపణి పరిధి అనుకోవద్దు. 5,000 కిలోమీటర్లు దాటే అగ్ని-5ను కూడా ఎత్తుగా విసిరి తక్కువ దూరంలో దించవచ్చు. శకలాలు పడే చోటు కోసం పట్టీని కావాలనే పెంచుతారు. చూసేవాళ్లను తికమకపెట్టాలన్న ఉద్దేశం కూడా ఉండొచ్చు. చైనా ట్రాకింగ్ నౌక యువాన్ వాంగ్ 5 2022 ఆగస్టు 16న శ్రీలంకలోని హంబన్‌టోట రేవుకు వచ్చాక, హిందూ మహాసముద్రంలో ఎవరు చూస్తున్నారన్నది కూడా మన లెక్కల్లో చేరింది. అందుకే "సుమారు ఇంత దూరం వరకు ప్రాంతం కేటాయించారు" అని రాయడమే సరైన పద్ధతి.

నోటామ్ వచ్చిందంటే పాకిస్తాన్‌కు కవ్వింపే అనేవాళ్లకు ఒక మాట. 2005 అక్టోబరు 3 ఒప్పందం ప్రకారం నేల మీది నుంచి గానీ సముద్రం నుంచి గానీ ఉపరితల లక్ష్యాల మీదికి ప్రయోగించే బాలిస్టిక్ క్షిపణుల పరీక్షలను రెండు దేశాలూ కనీసం మూడు రోజుల ముందు ఒకరికొకరు చెప్పుకోవాలి. ప్రయోగస్థలం సరిహద్దుకు 40 కిలోమీటర్ల లోపల ఉండకూడదు, పడే చోటు 75 కిలోమీటర్ల లోపల ఉండకూడదు. క్రూయిజ్ క్షిపణులు ఇందులో లేవు, కాబట్టి బ్రహ్మోస్‌కు ఈ నియమం వర్తించదు. నోటామ్ దారి వేరు, ఈ సమాచారం దారి వేరు.

కవ్వింపో, విధానమో తెలుసుకోవాలంటే వేరే రకం నోటామ్‌లు చూడాలి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసింది. 30న మనమూ అదే చేశాం. ఆ తర్వాత ఇరుపక్షాలూ నెలనెలా పొడిగిస్తూ పోయాయి. అలాంటి నోటామ్‌లో మ్యాప్ గీయడానికేమీ ఉండదు. ఎవరి విమానాలకు, సైనిక విమానాలు కలిపా కాదా అన్న వాక్యం, సి) దగ్గరున్న గడువు తేదీ చూడండి. గడువుకు రెండు మూడు రోజుల ముందు నోటామ్‌ఆర్ వచ్చిందంటే ఇంకో నెల మూతే.