కొత్త ర్యామ్ పనిచేయకపోతే, ల్యాప్‌టాప్‌ను మళ్లీ విప్పే ముందు జాగ్రత్తలు

ర్యామ్ మార్చాక తెర నల్లగానే ఉండిపోతే వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోకుండా కొన్ని నిమిషాలు ఆగాలి. ముఖ్యంగా డీడీఆర్5 (డీడీఆర్3, డీడీఆర్4 తర్వాత వచ్చిన ర్యామ్ తరం) ల్యాప్‌టాప్‌లు మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొత్త మెమరీని సరిచూసుకోవడానికి కొంత సమయం తీసుకుంటాయి.

అప్పటికీ ఫలితం లేకపోతే, యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, అడుగు మూత తెరవగానే బ్యాటరీ కనెక్టర్‌ను విడదీయాలి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా ఎర్త్ అయిన లోహాన్ని ఒకసారి తాకి, ర్యామ్‌ను అంచులతోనే పట్టుకోవాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది తిరిగి అమర్చేటప్పుడే. ర్యామ్ అంచున ఉన్న గాడిని స్లాట్‌లోని బొడిపెకు సరిపెట్టి, దాదాపు 30 డిగ్రీల వాలులో చివరిదాకా దూర్చి, ఆపై కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులూ టక్కున పట్టుకోవాలి. క్లిప్పులు పడినా బంగారు రంగు కాంటాక్టులు ఒక పక్క ఎక్కువగా బయటికి కనిపిస్తుంటే, అది సరిగా దిగనట్టే.

గాడి కుదరకపోతే బలవంతం చేయకూడదు. 260 పిన్నుల డీడీఆర్4, 262 పిన్నుల డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టవు. డీడీఆర్3తోనే అసలు చిక్కు, ఎందుకంటే 1.35 వోల్టులు మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టుల ర్యామ్ చక్కగా ఇమిడిపోయి కూడా పనిచేయకపోవచ్చు.

రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటిగా, ఒకే స్లాట్‌లో పరీక్షించాలి. అంతవరకు పాతదాన్ని ఎవరికీ ఇచ్చేయవద్దు.