టెస్ట్ ఫోల్డర్‌లోని వర్డ్‌ప్రెస్ సైట్‌ను మెయిన్ డొమైన్‌కు మార్చే ముందు

షేర్డ్ హోస్టింగ్‌లో సైట్‌ను మొదట ‘టెస్ట్’ ఫోల్డర్‌లో కట్టుకుని, అంతా కుదిరాక మెయిన్ డొమైన్ మీదికి తెచ్చుకోవడం మామూలే. ఫైళ్లు జరపడం చిన్న పని. తంటా అంతా అడ్రసులతోనే.

ముందు బ్యాకప్. ఫైళ్ల జిప్పు, పీహెచ్‌పీ మైఅడ్మిన్ (డేటాబేస్ చూసుకునే టూల్) నుంచి డేటాబేస్ ఎక్స్‌పోర్ట్, రెండూ మీ కంప్యూటర్‌లోకి దింపుకోండి. అదే సర్వర్‌లో ఉంచిన కాపీని నమ్ముకోవద్దు.

సీప్యానెల్ (హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్) ఫైల్ మేనేజర్ సెట్టింగ్స్‌లో హిడెన్ ఫైల్స్ కనిపించేలా టిక్ పెట్టండి. లేదంటే చుక్కతో మొదలయ్యే హెచ్‌టీయాక్సెస్ ఫైలు (ఏ లింకు ఎటు వెళ్లాలో సర్వర్‌కు చెప్పేది) కనబడక పాత చోటే ఉండిపోతుంది. హోమ్ పేజీ వస్తూ లోపలి పేజీలన్నీ 404 (పేజీ దొరకలేదు) అంటుంటే ముందు దాన్నే చూడండి. కొత్త చోట అడ్మిన్ తెరుచుకున్నాక పర్మాలింక్స్ (లింకుల తీరు ఎంచుకునే) పేజీలో సేవ్ కొడితే, చాలావరకు వర్డ్‌ప్రెస్సే ఆ ఫైల్లో కొత్త దారి రాసుకుంటుంది.

డేటాబేస్ ఆప్షన్స్ టేబుల్‌లో ‘సైట్‌యూఆర్‌ఎల్’, ‘హోమ్’ అని రెండు వరుసలు ఉంటాయి. రెండూ మార్చాలి. ఒకటి మర్చిపోతే లాగినో, సైటు పేజీలో మళ్లీ పాత ఫోల్డర్‌కే లాక్కెళ్తుంది.

అసలు ప్రమాదం మిగతా టేబుళ్లలో ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఫైండ్ అండ్ రీప్లేస్ మాత్రం కొట్టకండి. విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు చాలావరకు అక్షరాల లెక్కతో సహా దాచి ఉంటాయి. పాత అడ్రసు 24 అక్షరాలు అనుకుందాం. చివరి ‘స్లాష్ టెస్ట్’ తీసేస్తే 19 అవుతుంది, పక్కన లెక్క మాత్రం 24 అనే ఉంటుంది. వర్డ్‌ప్రెస్ ఆ సెట్టింగును చదవలేకపోతుంది, విడ్జెట్లు మాయమవుతాయి. బెటర్ సెర్చ్ రీప్లేస్ లాంటి ప్లగిన్ ఆ లెక్కనూ సరిచేస్తుంది. ముందు డ్రై రన్ (నిజంగా మార్చకుండా లెక్క మాత్రం చూపేది) పెట్టి ఎన్నిచోట్ల మారుతుందో చూసుకోండి.

పాత లింకులను కొత్త చోటికి పంపేటప్పుడు తొలిరోజే 301 (శాశ్వత మళ్లింపు) పెట్టొద్దు. ఒకసారి నేను దారి తప్పుగా రాసి 301 పెట్టాను. పది నిమిషాల్లో సరిదిద్దినా, ఆలోపు సైట్ తెరిచినవాళ్ల బ్రౌజర్లు ఆ తప్పు దారినే గుర్తుపెట్టుకున్నాయి. నా దగ్గర బాగానే ఉంది, వాళ్ల ఫోన్లలో మాత్రం ఎర్రర్. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్యాష్ క్లియర్ చేయించేసరికి రోజు గడిచింది, టెన్షన్ వేరే. ముందు 302 (తాత్కాలిక మళ్లింపు) పెట్టి, ఇన్‌కాగ్నిటోలోనూ, ఇంకొకరి ఫోన్‌లోనూ లింకులు నొక్కి చూసి, నాలుగు రోజులు నిలకడగా ఉన్నాక 301కి మార్చండి.