వానాకాలంలో మాత్ర మెత్తబడితే: సెల్యులోజ్‌తో వచ్చే తంటాలు

మా తిరుపతి వైపు మందుల యూనిట్లలో మే నెలలో చక్కగా వచ్చిన మాత్ర, నవంబరు వానలు పట్టగానే మొండికేస్తుంది. ఫార్ములా అదే, మెషీన్ అదే. ఇలాంటప్పుడు కొత్తగా చేరిన పిల్లలు ముందు కంప్రెషన్ ఫోర్స్ (పొడిని నొక్కే బలం) పెంచేస్తారు. తొందరపడొద్దు, ముందు మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే మాత్రలో పొడిని పట్టి ఉంచే ఎంసీసీ, సంగతి చూడండి.

సమస్య: నిల్వ ఉంచిన మాత్రలు మెత్తబడుతున్నాయి, పంచ్‌లకు (పొడిని నొక్కే అచ్చులకు) పొడి అంటుకుంటోంది

ఎంసీసీ గాలిలోని తేమను లాగేస్తుంది. మామూలు గ్రేడుల్లో 3 నుంచి 5 శాతం తేమ ఉంటుంది. ఆ కాస్త తేమ ఉంటేనే రేణువులు బాగా అతుక్కుంటాయి. మరీ ఎండితే పట్టు తగ్గుతుంది, మరీ ఎక్కువైతే పొడి సరిగా జారదు. బస్తా విప్పిన వెంటనే లోపలి పాలిథిన్ సంచి మూతి బిగించి కట్టండి. తూకం వేసే ముందు ఎల్ఓడీ (ఆరబెడితే తగ్గే బరువు, అంటే తేమ శాతం) చూడండి. గదిలో ఆర్‌హెచ్ (గాలిలో తేమ శాతం) ఎంతుందో రాసుకోండి. మందే తేమకు పాడయ్యేదైతే, తేమ 1.5 శాతానికి మించని, పీహెచ్ 112 అనే ఎంసీసీ గ్రేడు గురించి ఫార్ములేషన్ వాళ్లతో మాట్లాడాలి.

సమస్య: ఫోర్స్ ఎంత పెంచినా హార్డ్‌నెస్ (మాత్ర గట్టిదనం) రావడం లేదు

నేను పనిచేసిన ఒక చిన్న యూనిట్‌లో షిఫ్ట్ మారే హడావిడిలో, మెగ్నీషియం స్టియరేట్ (పొడి పంచ్‌లకు అంటకుండా వేసే జారుడు పొడి) వేశాక మూడు నిమిషాలు తిరగాల్సిన బ్లెండర్ ఇరవై నిమిషాలకు పైగా తిరిగింది. తర్వాత ఎంత నొక్కినా మాత్ర వేళ్ల మధ్య విరిగిపోయేది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. మాత్రల్లో వాడే మరో పొడి, డైకాల్షియం ఫాస్ఫేట్, నొక్కితే పగులుతుంది, లోపలి కొత్త ముఖాలు బయటపడి అతుక్కుంటాయి. ఎంసీసీ పగలదు, మైనంలా అణుగుతుంది. అందుకే పైన పట్టిన స్టియరేట్ పొర అలాగే ఉండి, అతుకుకు అడ్డుపడుతుంది. నీరు కూడా లోపలికి ఆలస్యంగా పోతుంది కాబట్టి డిసోల్యూషన్ (మందు కరగడం) కూడా మందగిస్తుంది. స్టియరేట్‌ను జల్లించి చివర్న వేయండి, టైమర్ పెట్టి బ్యాచ్ రికార్డులో ఉన్నంతసేపే తిప్పండి. ఒకసారి ఎక్కువ తిరిగిన పొడిని వెనక్కి తేలేం. మీ అంతట మీరు ఎంసీసీ కలపకుండా క్యూఏకి (నాణ్యత చూసే విభాగానికి) చెప్పి, డీవియేషన్ (పద్ధతి తప్పినట్టు నివేదిక) రాయించండి.

సమస్య: మాత్ర పైభాగం టోపీలా ఊడుతోంది

గాలి చిక్కుకుంది, లేదా గ్రాన్యూల్స్ (పొడిని ముద్దచేసి ఆరబెట్టిన గుళికలు) అతిగా ఎండాయి. టరెట్ (పంచ్‌లున్న తిరిగే చక్రం) వేగం తగ్గించి, ప్రీకంప్రెషన్ (అసలు నొక్కుడుకు ముందు వేసే తొలి నొక్కుడు) పెంచి చూడండి.

సమస్య: కోటింగ్ లేని మాత్ర 15 నిమిషాల్లో విడిపోవడం లేదు

హార్డ్‌నెస్ మరీ ఎక్కువుందేమో చూడండి. మాత్రను విడగొట్టే క్రాస్‌కార్మెలోజ్ సోడియం అంతా గ్రాన్యూల్ లోపలే ఉంటే, సగం లోపల, సగం బయట వేసే పద్ధతిని ఫార్ములేషన్ వాళ్లు పరిశీలించాలి.

సమస్య: బరువు కుదరడం లేదు

డైరెక్ట్ కంప్రెషన్‌కు (గ్రాన్యూల్స్ చేయకుండా పొడినే నేరుగా నొక్కడానికి) ఎంసీసీలో పీహెచ్ 101 గ్రేడు వాడుతుంటే అనుమానించండి. దాని రేణువు సుమారు 50 మైక్రాన్లే, సరిగా జారదు. 100 మైక్రాన్ల పీహెచ్ 102 మేలు. గ్రేడు మార్చేదాకా హాపర్‌ను (మెషీన్ పైన పొడి పోసే గరాటను) సగానికి దిగనివ్వకండి.