డిప్రెషన్ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఏ ఇబ్బందికి ఏం చేయాలి

డాక్టరు ఎస్సిటాలోప్రామ్ రాసిస్తే మొదటిసారి ఐదు రోజులు వేసుకుని ఆపేశాను. గుండె దడ తగ్గుతుందనుకుంటే ఇంకాస్త పెరిగింది, దానికి తోడు కడుపులో తిప్పడం. ఈ మందు నాకు పడదని నేనే తేల్చేసుకున్నాను. నాలుగు నెలలు అలాగే బాధపడి, అదే మందును సగం డోసుతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నిలబడింది. ఈ మందుల్లో ఇబ్బంది ముందొస్తుంది, గుణం వెనకొస్తుంది. ఆ సంగతి ముందే తెలిసుంటే ఆ నాలుగు నెలల బాధ తప్పేది.

ఇక్కడ రాసేవన్నీ ఎస్సెస్సారై (SSRI, సెరటోనిన్ మీద పనిచేసే) రకం మందుల గురించి: ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లుయోక్సెటిన్, పారోక్సెటిన్ లాంటివి. డోసు మార్చాలన్నా, మందు ఆపాలన్నా మీ డాక్టరును అడిగాకే.

రెండు వారాలైంది, ఏ తేడా లేదు

తలనొప్పి బిళ్లలా గంటలో పనిచేసే మందు కాదిది. మెదడులో నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం మీద దాని ప్రభావం తొందరగానే మొదలవుతుంది. కానీ ఆ మార్పుకు నాడీకణాలు సర్దుకోవడానికి వారాలు పడుతుంది. చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల మధ్య కాస్త తేడా కనిపిస్తుంది. పూర్తి గుణం తెలియడానికి ఆరు వారాలు, ఆందోళన జబ్బుల్లో ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మనసు తేలికపడటం చివర్లో జరుగుతుంది. అంతకుముందే నిద్ర కుదురుకోవడం, అన్నం సహించడం, చిన్నదానికే కసురుకోవడం తగ్గడం లాంటివి మొదలవుతాయి. ఆ మార్పు మనకంటే ముందు ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

రోజూ రెండు ముక్కలు రాసుకోండి: ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏం తిన్నారు. నాలుగు వారాలకూ ఆ రాతల్లో ఏ మార్పూ లేకపోతే డాక్టరుకు చూపించండి. డోసు పెంచొచ్చు, మందు మార్చొచ్చు. థైరాయిడ్ పరీక్ష ఎప్పుడూ చేయించుకోకపోతే అదీ అడగండి. థైరాయిడ్ తక్కువైనా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి.

మందు మొదలయ్యాకే ఆందోళన పెరిగింది

నేను మందు ఆపేసింది ఇక్కడే. శరీరం ఇంకా అలవాటు పడని తొలి రోజుల్లో కొందరికి లోపల వణుకు, దడ, చికాకు ఎక్కువవుతాయి. పానిక్ అటాక్స్ ఉన్నవాళ్లకు ఇది మరీ బాగా తెలుస్తుంది. వాళ్లు గుండె చప్పుడును ముందునుంచే కనిపెట్టుకుని ఉంటారు కదా. అందుకే ఆందోళన ఉన్నవాళ్లకు చాలామంది డాక్టర్లు తక్కువలో మొదలుపెడతారు. ఎస్సిటాలోప్రామ్ అయితే 5 మి.గ్రా., సెర్ట్రలిన్ అయితే 25 మి.గ్రా. వారం పది రోజులకు పెంచుతారు. మీది మొదటిరోజే పెద్ద డోసు అయి తట్టుకోలేకపోతుంటే, ఆపకుండా ఫోన్ చేసి "తగ్గించి మొదలుపెట్టొచ్చా" అని అడగండి. ఆ కొన్నాళ్లూ కాఫీ, టీ తగ్గించండి.

ఈ తొలి వారాలు గడవడానికి కొందరు డాక్టర్లు ఆందోళనను వెంటనే తగ్గించే క్లోనజెపామ్ కలిపి రాస్తారు. రెండూ ఒకే బిళ్లలో ఉండే స్ట్రిప్పులు మన షాపుల్లో మామూలే. స్ట్రిప్పు వెనక రాసింది తప్పకుండా చదవండి. క్లోనజెపామ్ అలవాటు పడే మందు, కొద్ది వారాలకే ఇస్తారు. పాత స్ట్రిప్పు చూపించి అదే ఏళ్లతరబడి తెచ్చుకుంటున్నవాళ్లున్నారు, వాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. అలా చాలాకాలం వాడాక ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, ఫిట్స్ రావొచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. అది వేసుకున్నన్నాళ్లూ మద్యం పూర్తిగా మానాలి, మగతగా ఉంటే బండి నడపకూడదు.

కూర్చోలేక, నిలవలేక, కాళ్లు ఒక చోట ఆగక, ఇల్లంతా తిరగాల్సి వస్తుంటే అది మామూలు ఆందోళన కాకపోవచ్చు. ఆరోజే డాక్టరుకు చెప్పాలి.

కడుపులో తిప్పుతోంది

ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. మందు మనసుకని వేసుకున్నా దెబ్బ ముందు కడుపుకే తగులుతుంది. వికారం, విరేచనాలు, తలనొప్పి సాధారణంగా వారం రెండు వారాల్లో సద్దుకుంటాయి. పరగడుపున కాకుండా ఇడ్లీయో, పెరుగన్నమో తిన్నాక వేసుకోండి. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లు, రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు మాత్ర మానేయక్కర్లేదు. రోజుకు ఒక్కసారి వేసుకునే మందు కాబట్టి భోజనం చేసే వేళకు మార్చుకోవచ్చేమో డాక్టరును అడగండి. నీళ్లు కూడా నిలవనంతగా వాంతులైతే ఆగకుండా చూపించుకోవాలి.

రాత్రి నిద్ర పట్టదు, లేదా పగలంతా మగత

ఒకే మందు ఒకరిని మేల్కొలుపుతుంది, ఇంకొకరిని పడుకోబెడుతుంది. నిద్ర చెడుతుంటే పొద్దున టిఫిన్ తర్వాతకు, మగతగా ఉంటే రాత్రికి మార్చమని అడగండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

భార్యాభర్తల మధ్య ఇబ్బంది

కోరిక తగ్గడం, స్ఖలనం లేదా భావప్రాప్తి ఆలస్యం కావడం, అసలు రాకపోవడం ఈ మందుల్లో చాలామందికి ఉండే ఇబ్బందులే. డాక్టరు అడగరు, మనం చెప్పం. తనమీద ఇష్టం పోయిందేమోనని ఇంట్లో ఒకరు లోపల్లోపల కుమిలిపోతుంటారు. చివరికి ఎవరికీ చెప్పకుండా మందు ఆపేస్తారు. వికారం తగ్గినట్టు ఇది చాలామందికి దానంతటదే తగ్గదు. కానీ దారులున్నాయి. డోసు తగ్గించొచ్చు, ఈ ఇబ్బంది తక్కువగా ఉండే బుప్రోపియాన్, మిర్టజాపిన్ లాంటి మందులకు మారొచ్చు. నోటితో చెప్పడం కష్టమైతే కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. ఇంట్లో మాత్రం ఇది మందు పనేనని ముందు చెప్పేయండి.

మర్చిపోయాను, లేదా ఆపేశాను, తలలో కరెంటు కొట్టినట్టుంది

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే ఆ పూటది వదిలేయండి. రెండు కలిపి వేసుకోవద్దు.

ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, చికాకు, పిచ్చి కలలు, తలలో చిన్న చిన్న షాకుల్లాంటివి వస్తాయి. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ (ఇది ఎస్సెస్సారై కాదు, దానికి దగ్గరి రకం) ఒంట్లోంచి త్వరగా పోతాయి కాబట్టి వాటితో ఎక్కువ. ఫ్లుయోక్సెటిన్ వారాలపాటు నిలుస్తుంది కాబట్టి దానితో తక్కువ. ఇది వ్యసనం కాదు. మందు కావాలని ప్రాణం కొట్టుకోదు, రోజురోజుకూ ఎక్కువ కావాలనిపించదు. అలవాటుపడ్డ శరీరం సర్దుకోవడానికి సమయం అడుగుతోంది, అంతే. అందుకే వారాలు, అవసరమైతే నెలలు తీసుకుని మెల్లగా తగ్గిస్తారు.

బాగైంది కదా అని రెండో నెలలోనే ఆపేయడం నేను ఎక్కువగా చూసిన తప్పు. డిప్రెషన్ తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. తిరగబెట్టినవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు బట్టలకంటే ముందు స్ట్రిప్పులో ఎన్ని మాత్రలున్నాయో లెక్క చూసుకోండి.

పెద్దవాళ్లు తికమకపడుతున్నారు, తూలుతున్నారు

"వయసు కదా" అని వదిలేయకండి. ముసలివాళ్లలో, ముఖ్యంగా నీరు పోయే బీపీ మందు కూడా వాడేవాళ్లలో, ఈ మందులవల్ల రక్తంలో సోడియం పడిపోవచ్చు. చిన్న రక్తపరీక్షతో తెలుస్తుంది. అలాగే మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, గుండెకు ఆస్పిరిన్ వేసుకుంటుంటే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. విరేచనం నల్లగా తారులా వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇవి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు

జ్వరం, చెమటలు, కండరాలు బిగుసుకుని అదరడం, కంగారు కలిసి వస్తే సెరటోనిన్ మోతాదు మించినట్టు అనుమానించాలి. నొప్పికిచ్చే ట్రమడాల్, పొడిదగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఈ మందులతో కలిసినప్పుడు అలా జరగొచ్చు. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, షాపులో ఏ సిరప్పు కొన్నా మీరు వాడుతున్న మందు పేరు చెప్పండి.

రెండు మూడు గంటలే నిద్రపోయినా అలసట లేకపోవడం, ఆగకుండా మాట్లాడటం, విపరీతంగా డబ్బు ఖర్చుపెట్టడం కనిపిస్తే అది బైపోలార్ (మనసు ఒకసారి విపరీతంగా ఎగిసి, ఒకసారి దిగజారిపోయే జబ్బు) కావొచ్చు. అప్పుడు వైద్యమే మారుతుంది.

చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, పెరిగినా ఒంటరిగా ఉండొద్దు. చిన్న వయసువాళ్లలో మందు మొదలుపెట్టినప్పుడు ఇది పెరగొచ్చని అమెరికా ఔషధ సంస్థ 2004లో హెచ్చరిక పెట్టింది. 2007లో దాన్ని 24 ఏళ్లవారి దాకా పొడిగించింది. అందుకే తొలి వారాల్లో వాళ్లను దగ్గరుండి చూసుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

ఇంట్లో వద్దంటున్నారు

హైదరాబాదులో "ఎర్రగడ్డకు పంపాలి" (అక్కడి మానసిక ఆసుపత్రికి అని) అనే ఎగతాళి చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్లం. ఈ మందు పేరెత్తితే ఇంట్లో భయపడటం సహజం. మనం ఎంత చెప్పినా వినరు. డాక్టరు గదిలోకి ఒకరిని వెంట తీసుకెళ్లండి. రెండోసారి నేను అక్కను తీసుకెళ్లాను. నాకు తట్టని ప్రశ్న తనే అడిగింది: "రేపు కడుపుతో ఉంటే ఈ మందు ఎట్లా డాక్టర్?" నెల తప్పిందని తెలియగానే భయపడి సొంతంగా ఆపేయొద్దని, జబ్బు తిరగబెట్టడం కూడా తల్లికీ బిడ్డకీ ప్రమాదమేనని, పిల్లల కోసం అనుకున్నప్పుడే వచ్చి మాట్లాడాలని ఆయన చెప్పారు. ఆ రోజునుంచి రాత్రి తొమ్మిదికి "వేసుకున్నావా?" అని అక్కే ఫోన్ చేసేది.